హోమ్ సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు

స్టేషన్ మాస్టర్ ఉద్యోగం కొత్తగా వచ్చినవాళ్లు నస్పూర్‌లో మా ఇల్లు వెతుక్కుంటూ అప్పుడప్పుడు వస్తుంటారు. పరీక్షకు చదివిన రూల్స్ పుస్తకం వాళ్లకు నాకంటే బాగా గుర్తుంటుంది. నేనైతే రిటైరైన ఆర్నెల్లకే సగం మరిచిపోయాను. వాళ్లు అడిగేవి పుస్తకంలో లేని సంగతులు. రోజూ ఏం చేస్తారు సార్, దేనికి భయపడాలి, పై అధికారితో ఎట్లా నెగ్గుకు రావాలి అని. చాయ్ తాగేలోపు చెప్పగలిగినవి చెప్పి పంపుతాను. ఒక్క సంగతి మాత్రం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఎదురుగా కూర్చుని నా ముఖం చూస్తుంటే నాకు నోరు పెగలదు. అందుకని రాస్తున్నాను.

ఆపడమే పని

సిగ్నల్ ఇచ్చి బండిని పంపడం మా పని అని జనం అనుకుంటారు. అది పనిలో చిన్న ముక్క. మిగతాదంతా ఆపడమే. ఎవరిని ముందు రానివ్వాలి, ఎవరిని ఎంతసేపు నిలబెట్టాలి అన్నది రోజుకు యాభైసార్లు తేల్చుకోవాలి. తేల్చుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరికి కోపం వస్తుంది.

నేను మొదట్లో ఆరేళ్లకు పైగా పనిచేసింది బొగ్గు ప్రాంతంలోని ఒక చివరి స్టేషన్లో. పేరు రాయను. తెలిసినవాళ్లు ఎలాగూ పోల్చుకుంటారు. పాసింజర్ బండ్లు అక్కడికి వచ్చి ఆగిపోతాయి, అక్కడినుంచే తిరిగి బయల్దేరుతాయి. దానికి తోడు బొగ్గు నింపుకుని వచ్చే గూడ్సు బండ్లు. మా వైపు బొగ్గు గనిని బాయి అంటాం. బాయి నుంచి స్టేషన్‌కు వచ్చే పట్టాలను సైడింగ్ అంటారు. ఇన్నింటికీ కలిపి మాకున్నవి ఐదు లైన్లు.

చివరి స్టేషన్‌తో చిక్కేమిటంటే, వచ్చిన బండి ముందుకు పోదు. దారిలో ఉండే స్టేషన్లో అయితే పచ్చదీపం చూపిస్తే పీడ వదులుతుంది. ఇక్కడ ఇంజిన్ విప్పాలి, పక్క లైన్లోంచి తిప్పి తెచ్చి రెండో చివర తగిలించాలి, పెట్టెల్లో నీళ్లు పట్టాలి, ఊడ్పించాలి. అప్పటిదాకా ఆ లైను మనది కానట్టే. ఈలోగా ఇంకో బండి వస్తే దాన్ని ఊరి బయట హోమ్ సిగ్నల్ దగ్గర నిలబెట్టాలి. స్టేషన్లోకి రావచ్చు అని చెప్పే సిగ్నల్ అది. అది ఎర్రగా ఉన్నంతసేపూ బండిలో ఉన్నవాళ్లు స్టేషన్ మాస్టర్‌ను తిడుతూనే ఉంటారు. ఆ తిట్లు నాకు వినిపించేవి కావు కాబట్టి బతికిపోయాను.

ఫోన్లో గొంతు

మా అసలు పై అధికారి ఎదురుగా ఉండడు, ఫోన్లో ఉంటాడు. డివిజన్ ఆఫీసులో కూర్చుని మొత్తం లైను మీద బండ్లను నడిపించే ఆయనను కంట్రోలర్ అంటారు. ఆయన మాట్లాడే ప్రతి మాటా, మనం చెప్పే ప్రతి జవాబూ రికార్డవుతాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేను ఒకసారి మరిచిపోయాను.

కంట్రోలర్లలో మంచివాళ్లను చూశాను, మూర్ఖులను చూశాను. ఒకాయన తొందర భరించలేక ఒక మధ్యాహ్నం ఖాళీగా ఉన్న ఆఖరి లైన్లోకి కూడా గూడ్సును తీసుకున్నాను. ఐదు లైన్లూ నిండాయి. పాసింజర్ ఇంజిన్ విప్పి చూస్తే అది తిరగడానికి దారే లేదు. గంటన్నర సేపు ఇంజిన్ ఒక చివర, పెట్టెలు ఇంకో చివర. అందులో ఆస్పత్రికి పోయేవాళ్లున్నారు, పెళ్లికి పోయేవాళ్లున్నారు. అందరూ నా గది ముందే నిలబడ్డారు. సంజాయిషీ అడిగినప్పుడు కంట్రోలర్, నిర్ణయం స్టేషన్ మాస్టర్‌దే అన్నాడు. అన్యాయమని అప్పుడు మండిపోయాను కానీ ఆయన అన్నది నిజమే. ఆయన ముందున్నది చార్టు, నా ముందున్నది కిటికీ. ఐదు లైన్లూ నాకే కనబడుతున్నాయి, వద్దని నేనే చెప్పాలి. చెప్పే ధైర్యం లేక సరేనన్నాను.

ధైర్యం లేకపోవడం నా ఉద్యోగమంతా నాతోనే ఉంది. దాన్ని నేను చాలాకాలం మంచితనం అనుకున్నాను.

రాతలో లేని స్టాపు

ఆ స్టేషన్లో నాకు చార్జి అప్పగించిన వెంకటస్వామి ఈ ప్రాంతపు మనిషే, మంచి పనిమంతుడు. తాళాలు, రిజిస్టర్లు అన్నీ లెక్క చూపించి, సంచి భుజాన వేసుకున్నాక గుమ్మంలో ఆగి చివరి మాట చెప్పాడు.

"మధ్యాహ్నం పాసింజర్‌ను హోమ్ కాడ రెండు నిమిషాలు ఆపుండ్రి. ఎవ్వలన్న ఎందుకని అడిగితె లైన్ ఖాళీ లేదనుండ్రి."

సంగతి ఏమిటో పాయింట్స్‌మన్ రాజమల్లు వివరించాడు. బండ్లు లైను మారే పాయింట్లు చూసుకోవడం, జెండా ఊపడం అతని పని, ఆ స్టేషన్లో అందరికంటే పాతవాడు. హోమ్ సిగ్నల్‌కు ఎదురుగానే, సైడింగ్ పట్టాలకు అవతల, బాయి గేటు ఉంది. రెండో షిఫ్టుకు పోయే కార్మికులు నలభై మంది దాకా లైను పక్క ఊళ్ల నుంచి ఆ పాసింజర్‌లో వస్తారు. సిగ్నల్ దగ్గర దిగితే గేటుకు పది నిమిషాల నడక. ప్లాట్‌ఫారం దాకా వచ్చి దిగితే యార్డు మొత్తం చుట్టుకుని రోడ్డు మీద పోవాలి, ఎంత ఉరికినా మస్టర్ అందదు. మస్టర్ అంటే హాజరు. అది పడకపోతే ఆ రోజు నాగా. అందుకని ఎన్నో ఏళ్లుగా ఏ మాస్టర్ వచ్చినా లైను ఖాళీగా ఉన్నా సరే సిగ్నల్ ఎర్రగా పెట్టి బండిని నిలబెడుతున్నాడు. డ్రైవర్లకు తెలుసు, గార్డులకు తెలుసు. కాగితం మీద మాత్రం ఎక్కడా లేదు.

నేను కొత్త. రూల్స్ నోట్లో నానుతున్న వయసు. ఇదేం పద్ధతి అని మానేశాను. సిగ్నల్ ఇచ్చి బండిని నేరుగా ప్లాట్‌ఫారానికి తెచ్చాను. నాలుగు రోజులు అట్లా నడిచింది. ఐదో రోజు ఓదెలు అనే కార్మికుడు ఒక్కడే వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, సన్నగా ఉన్నాడు, మెడలో తువ్వాల. గొడవ చేస్తాడనుకుని ముందే ముఖం గంభీరంగా పెట్టుకున్నాను.

"లొల్లి వెట్ట రాలే సారు. నాలుగు రోజులల్ల పదకొండు మందికి నాగా వడ్డది. స్టేషన్‌ల దిగి ఉరికినా అందుతలేదు. జర సోంచాయించుండ్రి."

మా బాపు కూడా బాయిలో పనిచేసినవాడే. నాగా పడిన రోజు ఆయన ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకునేవాడు. మరునాడు సిగ్నల్ ఎర్రగా ఉంచాను. పాసింజర్ ఆగింది. నలభై మంది దిగి సైడింగ్ దాటి గేటుకు పోయారు. ఆ రోజు నాకు చాలా సంతోషమైంది. ఎవరికీ చెప్పుకోలేని సంతోషం కావడంతో ఇంకా రుచిగా ఉండేది.

ఈ రాయని స్టాపుకు రాయని రూలు కూడా ఒకటి ఉంది. దిగినవాళ్లు సైడింగ్ పట్టాలు దాటాలి కాబట్టి, పాసింజర్ అక్కడ నిలబడి ఉన్నంతసేపూ బాయి నుంచి బొగ్గు బండిని కదిలించకూడదు. రాజమల్లు హోమ్ సిగ్నల్ దగ్గర నిలబడి చూసి, అక్కడి ఫోన్లోంచి నాకు చెప్పేవాడు. "అందరు దాటిండ్రు సారు" అంటే అప్పుడు సిగ్నల్ ఇచ్చేవాణ్ని. ఓదెలు ఎప్పుడూ ఆఖరున దాటేవాడు. అడిగి స్టాపు తిరిగి తెచ్చినవాడు కాబట్టి, అందరినీ దాటించడం తన బాధ్యత అనుకునేవాడు. ఆరేళ్లు అట్లా జరిగింది. ఒక్కరి కాలికి రాయి కూడా గుచ్చుకోలేదు.

ఆ మధ్యాహ్నం

ఆ రోజు కంట్రోల్లో ఉన్నది కొత్త మనిషి. చురుకైనవాడు, ప్రతిదీ అడిగేవాడు. బొగ్గు నింపిన బండి ఒకటి అప్పటికే సైడింగ్ సిగ్నల్ దగ్గర గంటగా నిలబడి ఉంది. పాసింజర్‌ను మామూలుగానే హోమ్ దగ్గర ఆపాను. అర నిమిషం కాకముందే ఫోన్ మోగింది. ఒకటో లైను ఖాళీగా ఉంది కదా, పాసింజర్‌ను ఎందుకు ఆపారు అని అడిగాడు.

లైన్ ఖాళీ లేదని చెప్పడానికి లేదు. ఖాళీగా ఉందని ఆయనకు తెలుసు. నిజం చెప్పాలి. లేదా సిగ్నల్ ఇచ్చేసి, పొరపాటైందని చెప్పాలి. ఈ రెండూ చేయలేక, సైడింగ్ నుంచి బొగ్గు బండిని లోపలికి తీసుకుంటున్నాను, అందుకే ఆపాను అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ఆయన సరే, తొందరగా కానివ్వండి అన్నాడు, కానీ ఫోన్ పెట్టలేదు. నేను చెప్పిన పని జరుగుతుందా లేదా అని వేచి ఉన్నాడు.

అన్నాను కాబట్టి చేయాల్సి వచ్చింది. బొగ్గు బండికి సిగ్నల్ ఇచ్చాను. సిగ్నల్ మీటలుండే ప్యానెల్ ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకోదు? ఒక బండి హోమ్ దగ్గర నిలబడి ఉంది, ఇంకోటి సైడింగ్ మీద వేరే లైన్లోకి వస్తోంది, రెండింటి దారులూ ఎక్కడా కలవవు. రెండింటి మధ్య నేల మీద నలభై మంది మనుషులున్నారని ప్యానెల్‌కు తెలియదు. అది తెలిసినవాడిని ఆ గదిలో నేనొక్కణ్నే. జనం ఈపాటికి దాటి ఉంటారులే అనుకున్నాను. రాజమల్లు ఫోన్ కోసం ఆగలేదు. ఆగినా వచ్చేది కాదు, నా ఫోన్ లైను కంట్రోలర్‌తో నిండి ఉంది. రాజమల్లు ఆ చివర ఫోన్ తిప్పీ తిప్పీ, దాన్ని పారేసి, ఎర్రజెండా ఊపుతూ బొగ్గు బండికి ఎదురు పరుగెత్తాడు.

డ్రైవర్ బ్రేకు వేశాడు. నిండు బొగ్గుతో ఉన్న బండి వేసిన చోట ఆగదు. ముప్పై తొమ్మిది మంది తప్పించుకున్నారు. ఆఖరున ఉన్నది ఓదెలు. ఎడమ కాలు మోకాలి కింది నుంచి తెగిపోయింది.

రెండు వాంగ్మూలాలు

విచారణకు వచ్చిన ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్ చెడ్డవాడు కాదు. నన్ను కూర్చోబెట్టి నీళ్లు తెప్పించాడు. తలుపు వేసి, విషయం మొత్తం తనకు తెలుసునని, కానీ రాయాల్సింది వేరని చెప్పాడు. బొగ్గు బండిని తీసుకోవడం కోసం పాసింజర్‌ను ఆపాను అని నేను ఫోన్లో చెప్పిన మాట రికార్డులో ఉంది. ఏ మీట ఎన్ని గంటలకు నొక్కానో మెషీన్లో ఉంటుంది, ఎందుకు నొక్కానో ఉండదు. అదే మాట రాసి సంతకం పెడితే నా ఉద్యోగానికి చీమ కుట్టదు. ఒక ప్రయాణికుడు స్టేషన్ కాని చోట తనంతట తాను దిగి, పట్టాలు దాటుతూ దెబ్బ తగిలించుకున్నాడు, అంతే.

రాసి సంతకం పెట్టాను. 

మూడో రోజు ఆస్పత్రికి పోయాను. ఓదెలు మంచం మీద తల ఎత్తి కూర్చోబోయాడు. నేను క్షమాపణ మొదలుపెట్టేలోగా అతనే తగ్గు గొంతుతో చెప్పాడు.

"నేను గూడ గదే చెప్పిన సారు. బండి దానంతల అదే ఆగింది, నేనే తొందరపడి దిగిన అన్న. నువ్వు ఆపినవని కాయిదం మీదికి వస్తె రేపటి సంది ఎవ్వలు ఆపరు. నా కాలు ఎట్లనన్న పాయె. మిగిలినోళ్లకు మస్టర్లు పడాలె గద."

నేను తప్పించుకోవడానికి ఆడిన అబద్ధాన్నే అతను తోటివాళ్ల కోసం ఆడాడు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా, నిజం చెప్తున్నాను, ఆ సిగ్గు పక్కనే నాకు కాస్త నిమ్మళం కూడా అనిపించింది. దెబ్బ తిన్నవాడే అట్లా అంటున్నప్పుడు ఇక నేను చేయాల్సింది ఏముంది అనుకుంటూ బయటికి వచ్చాను.

వరండాలో అతని భార్య పోశవ్వ నిలబడి ఉంది. నన్ను మెట్ల దాకా వెంబడించి వచ్చి అడిగింది.

"ఆయిన మాట పట్టుకొని నువ్వు ఊకుంటవా సారు? పట్టాలు దొంగతనంగ దాటిండని కేసు రాస్తరట. గట్ల రాస్తె కంపెనోళ్లు పైపని గూడ ఇయ్యరట. ఒంటి కాలుతోని బాయిల ఎట్ల దిగుతడు?"

బాయిలోకి దిగలేనివాళ్లకు కంపెనీ నేల మీద ఇచ్చే తేలిక పనిని పైపని అంటారు. డ్యూటీకి వస్తూ దెబ్బ తిన్నవాడికి అది దొరకవచ్చు. నేరం చేస్తూ దెబ్బ తిన్నవాడికి దొరకదు. అతన్ని ఈ రెండింటిలో ఏదిగా లెక్కపెట్టాలన్నది నా సంతకం మీద ఉంది.

ఆ సాయంత్రం మూడు కాగితాలు రాశాను. సిగ్నల్ ఎందుకు ఎర్రగా ఉంచాను, ఎన్నేళ్లుగా ఉంచుతున్నాను, బాయి గేటుకు రోడ్డు ఎంత దూరం, పట్టాల మీదుగా ఎంత దూరం, రోజూ ఎంతమంది దిగుతారు, కంట్రోలర్‌కు నేను చెప్పింది అబద్ధం, ఆ అబద్ధాన్ని నిజం చేయడానికే బొగ్గు బండికి సిగ్నల్ ఇచ్చాను. మొదటి వాంగ్మూలం వెనక్కి తీసుకుంటున్నాను. నాకు ముందున్న మాస్టర్ల పేర్లు రాయలేదు. ఇన్‌స్పెక్టర్ అది చదివి విచారణ ఫైల్లో పెట్టాడు.

తర్వాత

నాకు శిక్ష పడింది. ఎంతన్నది ఇక్కడ అనవసరం, తక్కువే పడింది. డివిజన్ మార్చి ఆదిలాబాద్ పంపారు. అదీ చివరి స్టేషన్ లాంటిదే, చాలా బండ్లు అక్కడికే ఆగిపోతాయి. సగం తెలుగు, సగం మరాఠీ మాట్లాడే జనం, పత్తి బేళ్లు. అక్కడ నేను ఎవరికీ మేలు చేయకుండా జాగ్రత్తగా పనిచేశాను.

ఓదెలు మీద కేసు రాయలేదు. లాంప్ రూంలో పైపని దొరికింది. బాయిలోకి దిగేవాళ్లకు తలకు కట్టుకునే దీపాలు ఇచ్చే గది అది.

కానీ అతను భయపడినట్టే జరిగింది. పాసింజర్‌ను హోమ్ దగ్గర ఆపడం ఆ వారమే బందయింది. నలభై మందిలో కొందరు అద్దె గదులకు మారారు. కొందరు అప్పులు చేసి మోటార్ సైకిళ్లు కొన్నారు. ఇద్దరు ముగ్గురు నాగాలు పెరిగి నోటీసులు అందుకున్నారు. ఈ సంగతులన్నీ రాజమల్లు ఫోన్లో చెప్పేవాడు. నేను మంచిపని చేశానని పొగిడినవాడు ఒక్కడు లేడు. ఓదెలుకు రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు.

రెండేళ్లు గడిచాయి. ఈలోగా నా మూడు కాగితాలు విచారణ ఫైల్లోంచి ఒక పెద్ద అధికారి కంటపడ్డాయట. ఇంతమంది రోజూ దిగేచోట స్టాపు ఎందుకు పెట్టకూడదని ఆయన రాశాడట. కంపెనీ మట్టి పోసి చిన్న ప్లాట్‌ఫారం కట్టించింది. సైడింగ్ దాటడానికి దారి, గేటు, గేటుకో మనిషి. మధ్యాహ్నం పాసింజర్‌కు టైంటేబుల్లోనే రెండు నిమిషాల హాల్ట్ వచ్చింది. మొదటి రోజు చూడటానికి రమ్మని రాజమల్లు పిలిస్తే సెలవు పెట్టి వెళ్లాను.

ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు చెప్పాలనుకున్నది ఇక్కడే చెప్తాను. మీకూ ఇట్లాంటిది ఏదో ఒకటి ఎదురవుతుంది. రూలు ఒకవైపు, మనుషుల అవసరం ఒకవైపు ఉంటాయి. నన్నడిగితే మనుషుల వైపే ఉండండి. కానీ చేసింది రాసిపెట్టండి. చేసిన రోజే రాయండి. రాయకుండా చేసే మేలుకు మీరొక్కరే కాపలా, మీరు ఒక్క నిమిషం తడబడితే వాళ్లకు ఇంకెవరూ లేరు. రాస్తే వద్దంటారేమో. అంటే పోట్లాడండి. నేను ఆరేళ్లు ఆ పని చేయలేదు.

ఆ మధ్యాహ్నం బండి ఆగింది. కార్మికులు దిగారు, నన్ను గుర్తుపట్టినవాళ్లు తల ఊపి వెళ్లిపోయారు. ఓదెలు ఆ బండిలో రాలేదు, ఇప్పుడు బాయి దగ్గరే ఉంటున్నాడు. చంక కింద కర్రతో గేటు వైపు నుంచి ప్లాట్‌ఫారం చూడటానికి వచ్చాడు. మట్టి గట్టిగా ఉందా లేదా అని కర్రతో రెండుసార్లు పొడిచి చూశాడు. తర్వాత నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. బండి కదిలి స్టేషన్ వైపు పోయాక అడిగాడు.

"గా మూడు కాయిదాలు చూసే గిదంత చేసిండ్రట గద సారు?"

అవునన్నాను.

"మరి నా కాలున్నప్పుడు ఎందుకు రాయకపోతివి?"

కోపంగా అడగలేదు. తెలుసుకుందామని అడిగాడు.

"భయమైంది ఓదెలన్నా" అన్నాను. "అడుగుతె వద్దంటరని భయమైంది."

 లాంప్ రూంలో ఎవరూ లేరు, పోవాలి అన్నాడు. కర్ర సర్దుకుని సైడింగ్ వైపు నడిచాడు. దారి ఉంది, గేటు ఉంది, గేటు దగ్గర మనిషి ఉన్నాడు. అయినా ఆయన పట్టాలు దాటి అవతలికి చేరేదాకా నేను అక్కడే నిలబడి రెండు వైపులా చూస్తూనే ఉన్నాను.